పశువుల బీమాకు ఆరోగ్య ధ్రువపత్రం: మీరు తెలుసుకోవాల్సినవి

పాడి రైతులకు, గొర్రెలు మేకల కాపరులకు:

కార్తీకం వచ్చిందంటే ఇందుకూరుపేట, ముత్తుకూరు లాంటి తీర మండలాలకు తుపాను భయమే. హెచ్చరిక వచ్చాక పరుగెత్తడం కన్నా ముందే బీమా చేయించుకోండి.

డాక్టరు ఏం చూస్తారు?
నడక, నెమరు, కళ్లు, పొదుగు, ఒంట్లో కండ చూస్తారు. పళ్లను బట్టి వయసు కడతారు. జబ్బు ఉంటే దాచొద్దు. ముందు వైద్యం చేయించి, పశువు కోలుకున్నాక ధ్రువపత్రం తీసుకోండి.

విలువ ఎలా కడతారు?
మార్కెట్ ధరను బట్టి మీరు, బీమా కంపెనీ వాళ్లు కలిసి నిర్ణయిస్తారు. పాలు, ఈతల లెక్క ఉన్నదున్నట్టు చెప్పండి.

చెవి పోగు ఎందుకు?
దాని మీది 12 అంకెలే పశువుకు గుర్తింపు. ఊడితే వెంటనే చెప్పి కొత్తది వేయించండి. పోగు లేకుంటే బీమా చేసిన పశువు అదేనని రుజువు చేయడం కష్టం.

ఎంత కట్టాలి?
జాతీయ పశుసంపద మిషన్‌లో 2024లో చేసిన మార్పు ప్రకారం ప్రీమియంలో రైతు వాటా 15 శాతం. మిగతాది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు భరిస్తాయి.

పశువు చనిపోతే?
పూడ్చకముందే బీమా కంపెనీకి, పశువుల ఆసుపత్రికి చెప్పండి. కావలసినవి నాలుగే:
1. కంపెనీకి ఇచ్చిన సమాచారం
2. పాలసీ కాగితం
3. క్లెయిమ్ ఫారం
4. పోస్టుమార్టం రిపోర్టు
ఇవన్నీ అందాక 15 రోజుల్లో పరిహారం చెల్లించాలన్నది నిబంధన.

ఒక్క మాట: బీమా ఉంది కదా అని పశువులను కట్టుగొయ్యకే వదిలేయకండి. తుపాను హెచ్చరిక వినగానే పలుపు విప్పి మెట్టకు తోలండి. డబ్బొస్తుంది గానీ, పాలిచ్చే గేదె తిరిగి రాదు.