పెంపుడు కుక్క మొరుగుడు – పొరుగువారి నిద్ర

కాకినాడ శివారున గల తూరంగి, ఇంద్రపాలెము వంటి చోట్ల ఒకప్పుడు ఇంటికిని ఇంటికిని నడుమ అరటి బోదెలో, కొబ్బరి చెట్లో ఉండెడివి. నేడు గోడకు గోడ తగులుచున్నది. ఇట్టి చోట ఒక పెంపుడు కుక్క రాత్రియంతయు మొరిగినచో ఆ బాధ ఒక్క ఇంటితో పోదు. పరీక్షకు చదువుకొను పిల్లవాడు, బాలింత, రోగి, రాత్రి పని ముగించుకొని వచ్చిన కార్మికుడు – అందరికిని నిద్ర చెడును. తుదకు ఇరుగుపొరుగువారు ఇద్దరును తెల్లవారకముందే పంచాయతీ సభ్యుని గుమ్మము నొద్దకు వత్తురు. “ఆ కుక్కని ఎక్కడికైనా పంపించెయ్యండి బాబూ” అని ఒకరు, “మా ఇంటికి కాపలా అదేనండి, రేపు దొంగొస్తే ఈయనొచ్చి చూస్తారాండి?” అని మరియొకరు.

ఇద్దరి మాటలోను న్యాయము కలదు. సభ్యుడు ఎవరి పక్షము వహించినను వైరమే మిగులును. అయితే కుక్క ఏల మొరుగుచున్నదో తెలిసికొన్నచో, కుక్కను వెళ్ళగొట్టకయే తగవు తీర్చుటకు అవకాశము కలదు. అందులకు తోడ్పడు కొన్ని విషయములను ఇచ్చట మనవి చేయుచున్నాము.

మొరుగుటకు కారణములు

కుక్కకు బంధువైన తోడేలు పెద్దదైన పిమ్మట అరుదుగా మొరుగును. వేల సంవత్సరములుగా మనుష్యుని వాకిట పెరిగిన కుక్క మాత్రము మొరుగుటనే తన భాషగా చేసికొన్నది. హంగేరీ దేశములోని బుడాపెస్టు పరిశోధకులు 2005లో ప్రకటించిన పరిశోధనలో, మొరుగుడు ధ్వనులను మాత్రమే వినిపింపగా, కుక్కలను పెంచని వారు సైతము అది ఏ సందర్భములోనిదో చాలవరకు పోల్చుకొనగలిగిరి. మన రైతునకు ఇది క్రొత్త విషయము కాదు. పెరటిలోని కుక్క పామును చూచి మొరిగినదో, చుట్టమును చూచి మొరిగినదో అతడు మంచముపై నుండియే చెప్పగలడు.

మొదటి కారణము కాపలా. పాలవాడు వచ్చును, కుక్క మొరుగును, పాలు పోసి అతడు వెళ్ళిపోవును. తన మొరుగుడు వలననే అతడు పారిపోయెనని కుక్క తలచును. తపాలా జవాను విషయమునను అంతే. ప్రతిదినము ఇట్లు గెలుచుచున్న కుక్కకు మొరుగుట మానవలసిన అగత్యమేమి?

రెండవది ఒంటరితనము. పగలెల్ల పొట్టి గొలుసుతో వీధి గుమ్మమున కట్టివేయబడిన కుక్కకు పరుగు లేదు, పని లేదు, పలుకరించువారు లేరు. దాని గొంతు ఒకే తీరున, నడుమ నడుమ ఆగుచు, గంటల తరబడి సాగును. మన ఇండ్లలో ఎక్కువ ఫిర్యాదులకు మూలము ఇదియే.

మూడవది భయము. మనుష్యుని చెవి సెకనుకు 20,000 కంపనముల వరకు గల ధ్వనిని వినగా, కుక్క చెవి సుమారు 45,000 వరకు వినును. దీపావళి టపాకాయలు, ఉరుములు దానికి ఎంతటి బాధయో ఊహింపవచ్చును. నాలుగవది అలవాటు. మొరిగినప్పుడెల్ల ఒక ముద్ద పెట్టినచో, మొరిగినచో ముద్ద వచ్చునని అది నేర్చుకొనును. ఐదవది అనారోగ్యము. పిడుదులు పట్టుట, చెవిలో చీము, వార్ధక్యమున చూపును మతియు మందగించుట – వీనివలనను కుక్క రాత్రులు అరచును.

ఇవిగాక స్థలమును బట్టియు కారణములుండును. కోరంగి మడ అడవుల అంచు గ్రామములలో నక్క కూసినచో ఊరి కుక్కలన్నియు అందుకొనును. మాంసపు అంగళ్ళ వ్యర్థములు, చేపల వ్యర్థములు వీధిలో పారవేసిన చోట వీధికుక్కలు గుమిగూడును. వానిని చూచి ఇంటి కుక్క మొరుగును.

మాన్పించు విధము

కుక్కపై కేకలు వేయుట వలన ప్రయోజనము లేదు. యజమానియు తనతోపాటు మొరుగుచున్నాడని అది భావించును. కొట్టుట వలన భయము పెరిగి, భయము వలన మొరుగుడును, కరచుటయు పెరుగును.

ముందుగా కుక్కను వీధి గుమ్మము నుండి పెరటివైపునకు మార్చవలెను. కటకటాల తలుపునకు తడిక కట్టి వీధి కనబడకుండ చేయవలెను. ఉదయము, సాయంకాలము తాడు పట్టుకొని బాగుగా నడిపింపవలెను. అలసిన కుక్క రాత్రి నిద్రించును. వేళకు తిండి, నీరు, నీడ అమర్చవలెను. రాత్రి లోపలి వరండాలో పండనిచ్చినచో చాల కుక్కలు శాంతించును. పాలవాని చేతనే రెండు మూడు దినములకొకమారు దానికొక ముక్క వేయించినచో, శత్రువు మిత్రుడగును.

రష్యా శాస్త్రజ్ఞుడు పావ్లోవ్, 1904లో నోబెల్ బహుమానము పొందినవాడు, కుక్కలపై చేసిన ప్రయోగములు లోకప్రసిద్ధములు. తిండికి ముందు ఒక సంకేతమును మరల మరల ఇచ్చినచో, తరువాత ఆ సంకేతమునకే కుక్క నోట లాలాజలము ఊరెను. ఒకదానితో ఒకటి జతపరచి నేర్చుకొను ఈ గుణమును మనమును వినియోగించుకొనవచ్చును. కుక్క మొరుగుచుండగా “చాలు” అని ఒకేమారు నెమ్మదిగా అనవలెను. అది ఊపిరి తీసికొనుటకు ఆగిన క్షణముననే ఒక ముక్క పెట్టవలెను. క్రమముగా ఆ మౌనపు వ్యవధిని పొడిగింపవలెను. తిండి కొరకు మొరుగునప్పుడు మాత్రము ఏమియు పెట్టరాదు. మొదటి దినములలో మొరుగుడు మునుపటికంటె హెచ్చును. అప్పుడు విసిగి ముద్ద పెట్టినచో అంతయు వ్యర్థమగును. ఇంటిల్లిపాదియు ఒకే నియమమును కొన్ని వారములపాటు పాటింపవలెను.

గొంతు మారినచో జాగ్రత్త

“మొరిగే కుక్క కరవదు” అను సామెతను నమ్మరాదు. మొరుగు కుక్కయు కరవగలదు. అంతకంటె ముఖ్యముగా, ఎన్నడును లేనివిధముగా గొంతు బొంగురుపోయినను, చొంగ కారుచు దవడ వ్రేలాడినను, మొరుగకయే మీద పడి కరచినను రేబిస్ వ్యాధి యని అనుమానింపవలెను. ఆ వ్యాధిలో గొంతు కండరములు పట్టుదప్పును. ఎముక అడ్డుపడినదని తలచి నోట చేయి పెట్టరాదు.

కరచినను, గోరు గీచినను, పుండును నాకినను ఆ చోటును సబ్బుతో, ధారగా పారు నీటితో 15 నిమిషములు కడుగవలెను. కారము, సున్నము, పసరు పూయరాదు. వెంటనే ఆసుపత్రికి పోయి, మొదటి దినము, 3వ, 7వ, 28వ దినములలో టీకా వేయించుకొనవలెను. గాయము లోతైనచో గాయములోనే వేయు మరియొక మందును అవసరమగును. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట ప్రాణము దక్కుట బహు అరుదు. 1907లో కూనూరులో పాశ్చర్ సంస్థ ఏర్పడిన తరువాతి కాలమున దక్షిణ దేశపు రోగులు ఈ చికిత్సకై అంతదూరము పోవలసివచ్చెడిది. నేడు ఈ టీకాను ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితముగా వేయుదురు. కుక్కకు మూడవ నెలలో మొదటి టీకాయు, అటుపై పశువైద్యుడు చెప్పిన ప్రకారము మరల టీకాలును వేయింపవలెను.

పంచాయతీ కర్తవ్యము

ఫిర్యాదు వచ్చినప్పుడు సభ్యుడు ముందుగా వారము దినములు కుక్క ఏ వేళ, ఎంతసేపు, దేనిని చూచి మొరిగెనో ఉభయులచేతను వ్రాయింపవలెను. ఆ చీటీ చూచిన మాత్రముననే చాల తగవులకు మూలము తెలియును. పిమ్మట ఇద్దరిని వెంటబెట్టుకొని కుక్కను కట్టిన చోటును స్వయముగా చూడవలెను.

చట్టమును గూర్చియు ఇరువురికిని తెలుపవలెను. 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము 11వ సెక్షను ప్రకారము, కుక్కను అకారణముగా పొట్టి గొలుసుతోగాని బరువైన గొలుసుతోగాని దీర్ఘకాలము కట్టియుంచుట నేరము. ఎల్లప్పుడు కట్టియుంచు కుక్కకు వ్యాయామము కల్పింపకపోవుటయు నేరమే. అట్లే విసిగిన పొరుగువాడు విషము పెట్టుటయు నేరము. ఆ విషము కోళ్ళను, పిల్లులను సైతము చంపును. వీధికుక్కల విషయమున 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమములు కలవు. వాని ప్రకారము సంతాన నిరోధక శస్త్రచికిత్సయు, టీకాయు చేయింపవలెనే గాని చంపరాదు.

2019 అక్టోబరు 2న కాకినాడకు సమీపమున గల కరపలో గ్రామ సచివాలయ వ్యవస్థ ప్రారంభమైనప్పుడు అందు పశుసంవర్ధక సహాయకుని పదవియు ఏర్పడినది. పిడుదులు, చెవిపోటు, టీకాల విషయమున అతని సాయము పొందవచ్చును. పాశ్చర్ 1885లో తొలిసారి ఒక బాలునికి టీకా వేసిన జూలై 6వ తేదీనగాని, ఆయన వర్ధంతియైన సెప్టెంబరు 28ననగాని గ్రామములో టీకా శిబిరము జరిపించుట మేలు. వ్యర్థములను వీధిలో వేయరాదని గ్రామసభలో తీర్మానింపవలెను. దీపావళికి ముందు కుక్కలను ఇంటిలోపల ఉంచుడని చాటింపు వేయింపవలెను.

గొలుసు రెండు మూరలు పొడిగించుటకు, ఉదయము ఒక అరగంట నడిపించుటకు పెద్ద ఖర్చు లేదు. వీనిని ముందుగా ప్రయత్నించి, పిమ్మటనే కఠిన చర్యలను గూర్చి ఆలోచింపవలెనని పంచాయతీ సభ్యులను కోరుచున్నాము. కుక్క ఇంటికి కాపలాగా నిలువవలెను. పొరుగువాడు సుఖముగా నిద్రింపవలెను. ఈ రెండును ఒకే వీధిలో సాధ్యములే.