మూల సెమిటిక్ విభక్తులు: అపోహలు – వాస్తవాలు

అరబిక్, హీబ్రూ, అరామిక్, అక్కాడియన్, ఇథియోపియాకు చెందిన గీజ్, అమ్హారిక్ అన్నీ సెమిటిక్ కుటుంబపు భాషలే. వీటి మూల భాషలో రాసిన శాసనం ఒక్కటీ లేదు. వారస భాషలను పోల్చి పండితులు దాన్ని పునర్నిర్మించారు. ఆ లెక్కన అందులో ఏకవచన నామానికి విభక్తులు మూడు: కర్తకు ‘ఉ’, కర్మకు ‘అ’, షష్ఠికి ‘ఇ’. మనం రాముడు, రాముణ్ణి, రాముని అన్నట్టే.

అపోహ: సెమిటిక్ భాషలకు తల్లి అరబిక్. కాదు, హీబ్రూ.
వాస్తవం: రెండూ పిల్లలే. వీటికంటే చాలా ముందే, క్రీ.పూ. 3వ సహస్రాబ్దిలోనే, మెసొపొటేమియా మట్టి పలకల మీద అక్కాడియన్ కనిపిస్తుంది. అలాగని అదీ తల్లి కాదు. అరబిక్‌లో నిలిచిన కంఠ్య ధ్వనులు కొన్ని అక్కాడియన్‌లో పోయాయి. అక్కాడియన్‌లో ఉన్న ‘ప’ అరబిక్‌లో ‘ఫ’ అయింది. మూలాన్ని చెక్కుచెదరకుండా దాచుకున్న భాష ఏదీ లేదు.

అపోహ: వాడుక అరబిక్‌లో విభక్తులు లేవు కాబట్టి అవి వ్యాకర్తల కల్పన.
వాస్తవం: ఖురాన్ మొదట విభక్తుల్లేని వాడుక భాషలో ఉండేదని, వాటిని తర్వాత చేర్చారని 1906లో జర్మన్ పండితుడు కార్ల్ ఫోలర్స్ వాదించాడు. మరో జర్మన్ పండితుడు నోల్డెకె దాన్ని ఖండించాడు. అసలు సాక్ష్యం అక్కాడియన్‌లో ఉంది. బాబిలోన్ రాజు హమ్మురాబి కాలంలో ‘రాజు’ అనే మాట రూపాలు షర్రుమ్, షర్రమ్, షర్రిమ్. అదే అర్థంలో ప్రామాణిక అరబిక్ రూపాలు మలికున్, మలికన్, మలికిన్. మాటలు వేరైనా అచ్చుల వరుస, వాటి పని ఒక్కటే. 8వ శతాబ్దపు అరబిక్ వ్యాకర్త సీబవైహికి ఆ అక్కాడియన్ రూపాలు సుమారు 2,500 ఏళ్ల ముందువి. ఆయన నాటికి అక్కాడియన్ రాసిన క్యూనిఫాం లిపి చదవగలిగినవారే లేరు. 19వ శతాబ్దంలో గానీ దాని గుట్టు వీడలేదు.

అపోహ: పాత సెమిటిక్ లిపులు అచ్చులు రాయవు, కాబట్టి విభక్తులన్నీ ఊహలే.
వాస్తవం: సిరియా తీరాన రాస్ షమ్రాలో 1929లో మొదలైన తవ్వకాల్లో ఉగారిత్ నగరం బయటపడింది. దాని లిపిలోని 30 అక్షరాల్లో కంఠం బిగించి పలికే అలెఫ్‌కే మూడున్నాయి: అ, ఇ, ఉ తోడైనవి. అందుకే అలెఫ్‌తో ముగిసే నామాల్లో విభక్తి బయటపడిపోతుంది. ‘సింహాసనం’ అనే మాట కర్త స్థానంలో ‘ఉ’ గుర్తుతోనూ, విభక్త్యర్థకపు చిన్న మాట వెనక వస్తే ‘ఇ’ గుర్తుతోనూ కనిపిస్తుంది.

అపోహ: హీబ్రూలో ‘ఈజిప్టుకు’ అనే అర్థమిచ్చే ‘మిస్రైమా’ చివరి ‘ఆ’, పాత ద్వితీయా విభక్తి అవశేషం.
వాస్తవం: చాలాకాలం పండితులూ అలాగే అనుకున్నారు. కానీ దీనికి సమానమైన ప్రత్యయాన్ని ఉగారిత్ లేఖకులు ‘హ’ అనే హల్లుతో రాశారు. ద్వితీయ ఉత్త అచ్చు మాత్రమే. కాబట్టి ఇది దిక్కును సూచించే వేరే ప్రత్యయం.

అపోహ: విభక్తులు పోయాయంటే భాష చెడిపోయినట్టే.
వాస్తవం: పదాంతపు హ్రస్వాచ్చులు అరగడం వల్ల హీబ్రూ, అరామిక్, వాడుక అరబిక్ విడివిడిగానే విభక్తులను వదులుకున్నాయి. గీజ్‌లో ‘ఉ’, ‘ఇ’ రెండూ అరిగిపోగా ‘అ’ మిగిలింది. పోయినచోట పదక్రమం, చిన్న చిన్న మాటలు ఆ పని అందుకున్నాయి. హీబ్రూ నిర్దిష్ట కర్మ ముందు ‘ఎత్’ చేర్చుతుంది. అమ్హారిక్ ‘న్’ అనే కొత్త కర్మ ప్రత్యయాన్నే తెచ్చుకుంది.

అపోహ: తెలుగులో జవాబు, హాజరు, ఖరారు చివరి ‘ఉ’ అరబిక్ ప్రథమా విభక్తే.
వాస్తవం: ఇవి పారసీ, ఉర్దూల మీదుగా, విభక్తి లేకుండానే వచ్చాయి. ఆ ‘ఉ’ తెలుగుది. బస్సుకు, కారుకు చేర్చిందీ అదే. ఒక అచ్చు కలిసినంత మాత్రాన చుట్టరికం తేలదు. అక్కాడియన్‌కూ అరబిక్‌కూ మూడు అచ్చులూ, మూడు పనులూ ఒకే వరుసలో కలిశాయి. అందుకే ఆ పోలిక రుజువుగా నిలిచింది.