భయము – ఉత్ప్రేరకము: ఒక ఉపమాన విచారము

శాస్త్ర పరిభాషలోని పదములు సాహిత్యమునందు ప్రవేశించుట కొత్త గాదు. "భయమే ధైర్యమునకు ఉత్ప్రేరకము" అను తీరు వాక్యములు వ్యాసములందును ఉపన్యాసములందును తరచు వినవచ్చుచున్నవి. ఇట్టి వాక్యము రసాయన శాస్త్రము నుండి పదమును తెచ్చుకొన్నదే గాని, దాని ధర్మమును తెచ్చుకొనలేదని మా అభిప్రాయము. ఉపమేయోపమానములకు సాధారణ ధర్మ మున్నదా లేదా అను ప్రశ్నను ధవళేశ్వరపు వరద నాధారముగా గొని ఇచ్చట విచారింతుము.

ఈ రసాయన వ్యాపారమునకు 1835లో స్వీడన్ దేశీయుడగు బెర్జీలియస్ పేరు పెట్టెను. 'ఉత్ప్రేరకము' అన్నంతనే ముందునకు త్రోయునది అను అర్థము స్ఫురించును. నిజమునకు ఉత్ప్రేరకము దేనిని త్రోయదు. రసాయన చర్య జరుగుటకు అణువులు ఒక శక్తి మెట్టను దాటవలెను. ఉత్ప్రేరకము అంతకంటె తక్కువ ఎత్తు గల వేరొక దారిని కల్పించును. నూనె వనస్పతిగా మారుటయే ఇందుకు దృష్టాంతము. హైడ్రోజను వాయువు నూనెతో తనంత తాను కలియుట మిక్కిలి మందము. సన్నని నికెలు పొడి యున్నచో రెండును దాని ఉపరితలమున జేరి సులువుగ కలియును. నికెలు చివరకు నికెలుగనే మిగులును. కావున ఉత్ప్రేరకమునకు మూడు లక్షణములు: అది వ్యయము గాదు, చర్యకు శక్తి నీయదు, జరుగ వీలులేని చర్యను జరిపింపజాలదు. పాలలో వేయు తోడును కొందరు ఉదాహరింతురు గాని, తోడులోని సూక్ష్మజీవులు పాలను ఆహారముగా గొని వృద్ధిచెందును. ఆ జీవులలోని ఎంజైములే నిజమైన ఉత్ప్రేరకములు.

ఇక భయమును గూర్చి. భరతుడు భయమును భయానక రసమునకు స్థాయిగా చెప్పి, శంకను, త్రాసమును, ధృతిని వ్యభిచారి భావములలో చేర్చెను. త్రాసము హఠాత్తుగా కలుగు కంపము. భయము ముందువెనుకల ఆలోచనతో నిలుచునది అని తరువాతి ఆలంకారికులు వేరు చేసిరి. ఆధునిక మనస్తత్త్వ శాస్త్రమును ఈ ఆలోచనకే ప్రాధాన్య మిచ్చినది. లాజరస్, ఫోక్‌మన్ అనువారు 1984లో ప్రకటించిన గ్రంథమున, ఆపద నెదుర్కొను తీరులను రెండుగా విభజించిరి. ఆపదనే తొలగించుకొన యత్నించుట ఒకటి. ఆపద వలని కలతను తగ్గించుకొనుట రెండవది. ఏది చేయుదుమన్నది, మన చేతిలో ఏమి యున్నదని తలంతుమో దానిపై చాలవరకు ఆధారపడును.

1965లో లెవెంథాల్, ఆయన సహచరులు యేల్ విశ్వవిద్యాలయమున జరిపిన పరిశోధన మన ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది. వారు విద్యార్థులకు ధనుర్వాతమును గూర్చి, కొందరికి ఎక్కువగను కొందరికి తక్కువగను భయము కలుగునట్లు, పాఠముల నిచ్చిరి. వారిలో కొందరికి మాత్రము టీకా వేయు చోటు గుర్తించిన పటము నిచ్చి, ఎప్పుడు వీలగునో చూచుకొనుమనిరి. పటము లేనివారిలో నూటికి సుమారు 3 మందియు, ఉన్నవారిలో సుమారు 28 మందియు టీకా వేయించుకొనిరి. భయపు హెచ్చుతగ్గుల వలన ఈ విషయమున భేదము కనిపింపలేదు. భయపు పాఠము లేక దారి మాత్రము చూపబడిన వారిలో ఒక్కరును పోలేదు. దీనిని బట్టి చూడగా, భయము చర్యకు కావలసిన వేడిమి వంటిది. ఉత్ప్రేరక స్థానము పటమునకు చెందును. వేడిమి లేక నికెలు ఏమి చేయగలదు?

ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులకు చేరి 10 లక్షల క్యూసెక్కులు సాగినపుడు మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు, 13 లక్షలకు రెండవది, 17.75 అడుగులకు, 17 లక్షలకు మూడవది. 1986 ఆగస్టులో ప్రవాహము సుమారు 35 లక్షలకు చేరెను. 2022 జూలైలో 25 లక్షలు దాటెను. భద్రాచలమున ఏరు పొంగిన పిమ్మట ఆ వరద దిగువ లంకలకు చేరుటకు కొంత వ్యవధి గలదు. భయము పనిగా మారవలసిన కాల మదియే. "మూడవ హెచ్చరిక" అను మాట లంకవాసికి భయమును కలిగించును. కాని పశువులను, గాదెలోని ధాన్యమును, ఇంటిని విడిచి కదలుట అతనికి పెద్ద మెట్ట. ఏ రేవునకు పోవలెను, పడవ ఎప్పుడు వచ్చును, పశువులను ఏ గట్టుమీద కట్టవలెను – ఇవి తెలిసినచో ఆ మెట్ట తగ్గును. పైగా ఈ జ్ఞానము ఒక వరదతో వ్యయము గాదు. నికెలువలె మరుసటి వరదకును నిలిచియుండును.

గంధకము తగిలిన నికెలు నిష్క్రియమగును. దీనిని ఉత్ప్రేరక విషమందురు. మాటలలో వదంతి అట్టిది. 1934 బిహారు భూకంపము పిమ్మట పుట్టిన వదంతులను జమునాప్రసాద్ 1935లో పరిశీలించెను. కంపము తగిలియు నష్టము కానరాని చోట జనులు తమ భయమునకు తగిన కారణమును వదంతులలో కల్పించుకొనిరని ఫెస్టింజరు 1957లో వ్యాఖ్యానించెను. "గట్టు తెగినదట" అను ఒక్క మాటకు జనులు నలుదెసలకు పరుగిడినచో, తెలిసిన రేవు సైతము నిరుపయోగమగును.

మనస్సు పరీక్షనాళిక గాదు. ఏ ఉపమానమైనను సాధారణ ధర్మమున్నంత మేరకే చెల్లును. ఆ మేరకు, భయమును ఉత్ప్రేరక మనుట పొసగదు. ఈ పొరపాటు పదమునకే పరిమితమైనచో మేమింత చెప్పము. భయమే జనులను కదల్చునని నమ్మినవాడు హెచ్చరికను మరింత భయంకరముగ వ్రాయును. దారి కావలెనని ఎరిగినవాడు రేవు పేరు వ్రాయును. వరదనాడు లంకలో నిలిచినవానికి ఈ రెండు వాక్యములలో ఏది పనికివచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు.