అమ్మాయి చేతిలో కెమెరా... ఫోటోలో అమ్మ పని!

ఇంటర్ పరీక్షలు అయిపోగానే మీ అమ్మాయి వచ్చి, “అమ్మా, నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతానే! ఫోటోగ్రఫీ, డిజైనింగ్ నేర్చుకుంటా” అంటే మీరేమంటారు? నాన్నగారు పేపరు మడిచి పక్కన పెడతారు. “ఆడపిల్లకి ఫోటోలు తీసే పనేంటే?” అని నాయనమ్మ దీర్ఘం తీస్తుంది. ఇంజనీరింగ్, మెడిసిన్ మాటలే ఎక్కువగా వినబడే మన తెనాలి, బాపట్ల, రేపల్లె ఇళ్లల్లో ఈ కోరిక కాస్త కొత్తే మరి.

కానీ ఈ చదువంటే పెళ్లిళ్లలో ఫోటోలు తీయడం, శుభలేఖలు వేయడం ఒక్కటే కాదండీ. మనం రోజూ చేస్తున్నా ఎవరి కంటికీ ఆనని పనినీ, నోరు విప్పి చెప్పుకోలేని కష్టాన్నీ నలుగురికీ చూపించే విద్య కూడా అది. ఎలాగంటారా? ఈ దారిలో ముందు నడిచినవాళ్ల సంగతి చూడండి.

ఫోటోకి రూపాయి

మన దేశంలో తొలి మహిళా ప్రెస్ ఫోటోగ్రాఫర్‌గా పేరు తెచ్చుకున్న హొమాయ్ వ్యారావాలా 1913లో గుజరాత్‌లోని నవసారిలో పుట్టారు. బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకున్నారు. తోటి విద్యార్థినులనే కూర్చోబెట్టి, నిలబెట్టి ఫోటోలు తీసేవారు. మహిళా క్లబ్బు పిక్నిక్ ఫోటోలు పత్రికలో వస్తే ఆమెకు ముట్టింది ఫోటోకి ఒక్క రూపాయి! ఆడమనిషి పేరు ఎవరికీ తెలియదని, తొలిరోజుల్లో ఆమె ఫోటోలు భర్త పేరు మీద అచ్చయ్యాయి. కష్టం ఆమెది, పేరు ఆయనది. మన ఇళ్లల్లోనూ ఇది వింతేం కాదు కదూ? స్వాతంత్ర్యం వచ్చిన రోజులనీ, గాంధీగారి అంతిమయాత్రనీ ఫోటోలు తీసిన ఆమెకు 2011లో పద్మవిభూషణ్ వచ్చింది. 2012 జనవరిలో కన్నుమూశారు.

పస్తాపూర్ అక్కల పాఠం

కాలేజీ గడప తొక్కకుండానే కెమెరా పట్టిన ఆడవాళ్లు మన తెలుగునాట ఉన్నారు. తెలంగాణలో జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే సంస్థ ఉంది. అందులోని దళిత మహిళలు, చిన్న కమతాల రైతమ్మలు వీడియో కెమెరా నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. చాలామందికి చదవడం, రాయడం రాదు. అయినా కెమెరా పట్టుకునే తీరుకి వాళ్లు పెట్టుకున్న పేర్లు వింటే ఎంత చదువుకున్నవాళ్లయినా ముక్కున వేలేసుకుంటారు. కెమెరాని ఎత్తులో పెట్టి, మనిషిని పైనుంచి కిందికి చూపిస్తే అది ‘పటేల్ షాట్’. దొర మనల్ని చూసే చూపన్నమాట! ఎదుటి మనిషి కళ్లకు సమానంగా పెట్టి తీస్తే ‘సంగం షాట్’. సంఘంలో అందరూ సమానమే కాబట్టి. ఇంతకంటే మంచి ఫోటోగ్రఫీ పాఠం ఏముంటుంది చెప్పండి?

మరి తీసిన ఫోటో ఎక్కడ పెట్టాలి? మాజీ రాష్ట్రపతి వి.వి. గిరిగారి మనవడు, జర్నలిస్టు పి. సాయినాథ్ 1993 నుంచి 2002 వరకు పది రాష్ట్రాలు తిరిగి, పల్లెల్లో ఆడవాళ్లు చేసే పనులను ఫోటోలు తీశారు. కనిపించే పని, కనిపించని స్త్రీలు అనే అర్థం వచ్చే పేరుతో ప్రదర్శన పెట్టారు. విజయనగరం వైపు పొలాల్లో నడుం వంచిన కూలి తల్లులూ అందులో ఉన్నారు. దేశంలో నాట్లు వేసేవాళ్లలో నూటికి 90 మంది ఆడవాళ్లేనని ఆ ప్రదర్శనలో రాసి ఉంటుంది. ఆ ఫోటోలను పెద్ద హాళ్లకే పరిమితం చేయకుండా సంతల్లో, బస్టాండుల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గరా పెట్టారు. ఎవరి కష్టమైతే ఫోటోలో ఉందో, వాళ్లే ముందు నిలబడి చూసుకోగలిగారు.

మరి డిజైన్ దేనికి?

2024లో కేంద్ర ప్రభుత్వం జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం రాని ఇంటి పనికి ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తున్నారు. ఆ పనిలో చెయ్యి వేసే మగవాళ్లు వెచ్చిస్తున్నది 88 నిమిషాలే. ఈ అంకెలు చదివి పేజీ తిప్పేస్తాం. అదే ఒక గడియారం బొమ్మ గీసి, దాదాపు అయిదు గంటల మేర కుంకుమ రంగు, గంటన్నర మేర పసుపు రంగు వేసి చూడండి. చదువురాని అత్తగారికీ ఇట్టే అర్థమవుతుంది. డిజైన్ అంటే అదే!

మన చుట్టూ ఏముందని?

చూసే కన్ను ఉండాలే గానీ లేనిదేముంది? నిమ్మకాయల మార్కెట్‌కి పేరుపడ్డ తెనాలి, బాపట్ల దాటితే వేటపాలెం జీడిపప్పు పని, రేపల్లె దిగువన నిజాంపట్నం తీరంలో చేపల పని, డెల్టా అంతటా నాట్లు. ఆంధ్రా ప్యారిస్ అని మురిసిపోయే ఊళ్లో, తెల్లవారకముందే లేచే అమ్మ ఎన్ని ఫోటోల్లో ఉంది? సెలవుల్లో అమ్మాయికి ఒక పని అప్పజెప్పండి. పొద్దున్న అయిదు నుంచి రాత్రి పది దాకా, గంటకొక్క ఫోటో చొప్పున మీ రోజంతా తీయమనండి. ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఫోన్ చాలు. ఆ ఫోటోలన్నీ వరసగా అట్ట మీద అంటించి హాల్లో పెట్టండి. ఇంట్లోవాళ్లు ఏమంటారో మీరే వినండి!

అమ్మాయికి చెప్పాల్సినవి

* అడగకుండా ఎవరి ఫోటో తీయకూడదు. వద్దంటే వద్దనే.
* ఫోటో ఎక్కడ పెడతామో, ఎందుకో ముందే చెప్పాలి. తీశాక ఒక కాపీ వాళ్లకివ్వాలి.
* పిల్లల ఫోటోలకు అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి.
* దెబ్బలు తిన్న ఆడమనిషి గురించి చెప్పాలంటే ముఖమే చూపించనక్కర్లేదు. చేతులో, విరిగిన గాజులో చాలు. అత్యాచార బాధితురాలు ఎవరో తెలిసేలా బయటపెట్టడం చట్టప్రకారం నేరం కూడా.
* కొత్త చోటికి ఒంటరిగా వెళ్లకుండా తోడు తీసుకెళ్లాలి.

ఎక్కడ చదవొచ్చు?

హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో ఫోటోగ్రఫీ, అప్లైడ్ ఆర్ట్ డిగ్రీలున్నాయి. కడపలో డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ 2020లో ఏర్పడింది. 2015లో నాగార్జున యూనివర్సిటీ ఆవరణలో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ అయితే మనకి మరీ దగ్గర. అందులో డిగ్రీకి ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. ఫీజులు, తేదీలు ఆయా సంస్థల్లోనే కనుక్కోండి.

ఇక మీకొక మాట. అమ్మాయి ఫోన్ పట్టుకుని వంటింట్లోకి వస్తే, “ఆగవే, మంచి చీర కట్టుకుని వస్తా” అనకండి. కొంగు బొడ్లో దోపుకుని, చేతికి పిండి అంటుకుని, నుదుట చెమటతో ఉన్నారు చూడండి, అలాగే నిలబడండి. పెట్టెలో దాచుకున్న పెళ్లి ఫోటోల్లో లేని మీరు ఆ ఫోటోలో ఉంటారు.