ఎంటెక్ రెండో ఏడాది ఎక్కడ జరుగుతుంది?

కుత్బుల్లాపూర్ చుట్టూ ఒక గీత గీస్తే, మన దగ్గర దొరికే పీజీ రకాలు చాలావరకు ఆ గీత లోపలో, దాన్ని ఆనుకునో ఉంటాయి. మైసమ్మగూడ, దూలపల్లి, దుండిగల్, బాచుపల్లిలలో జేఎన్టీయూ నీడన పుట్టిన కాలేజీలున్నాయి. కొన్ని అటానమస్ అయ్యాయి, కొన్ని ఏకంగా యూనివర్సిటీలే అయిపోయాయి. బహదూర్‌పల్లిలో ఒకప్పటి సత్యం కంప్యూటర్స్ ప్రాంగణంలో 2014లో మహీంద్రా ఎకోల్ సెంట్రల్ మొదలై, 2020లో యూనివర్సిటీగా మారింది. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఆవరణలో 2007లో ఫార్మసీ పీజీ సంస్థ నైపర్ వచ్చింది. శామీర్‌పేట వైపు వెళ్తే 1998 నాటి న్యాయ విశ్వవిద్యాలయం నల్సార్, 2008లో తెరిచిన బిట్స్ పిలానీ క్యాంపస్.

వీటిలో చదివి బయటికొచ్చిన వాళ్లను ‘ఎలా ఉంది మీ పీజీ’ అని అడిగితే జవాబులు చిత్రంగా ఉంటాయి. ఒకే కాలేజీలో, ఒకే బ్రాంచిలో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరు ‘జీవితం మారిపోయింది’ అంటారు, ఇంకొకరు ‘రెండేళ్లు దండగ’ అంటారు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు. తేడా కాలేజీ పేరులోనో సిలబస్‌లోనో ఉందనుకుంటాం. నా లెక్కలో అసలు తేడా రెండో ఏడాదిలో ఉంది.

మొదటి ఏడాది గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. బీటెక్‌లో చదివిన సబ్జెక్టులే ముందు ‘అడ్వాన్స్‌డ్’ అని తగిలించుకుని మళ్లీ ఎదురవుతాయి. మిడ్లు, సెమిస్టర్లు, 75 శాతం హాజరు. అది తగ్గితే సరైన కారణం చూపించి, కండొనేషన్ ఫీజు కట్టి 65 దాకా గట్టెక్కొచ్చు. మూడో సెమిస్టర్‌కు వచ్చేసరికి ఒకటి రెండు సబ్జెక్టులే మిగులుతాయి. నాలుగోది మొత్తం డిసర్టేషనే. అంటే రెండో ఏడాది టైమ్‌టేబుల్ దాదాపు ఖాళీ. ఆ ఖాళీని దేనితో నింపుతారన్నదే పీజీ.

కాగితం మీద దాన్ని నింపాల్సినవి మూడు: గైడు టైము, యంత్రం టైము, విద్యార్థి సొంత టైము. ముందు యంత్రం సంగతి చూద్దాం. ఈ ప్రాంతానికి అది బాగా తెలిసిన విషయం.

ఎంఫార్మసీలో అనాలిసిస్ తీసుకున్న అమ్మాయి థీసిస్ పేరు చూడకుండానే సగం చెప్పేయొచ్చు. ఫలానా రెండు మందులు కలిసిన మాత్రలో ఆ రెంటినీ హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద ఒకేసారి కొలిచే పద్ధతి, దాని వ్యాలిడేషన్. ఏటా మారేది మందుల పేర్లే. బయటివాళ్లు నవ్వుకుంటారు గానీ, చేస్తే అది నిజమైన పని. ఆ యంత్రంలో పాతిక సెంటీమీటర్ల పొడవు, 4.6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న ఉక్కు గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని సీ18 కాలమ్ అంటారు. బఫర్, అసిటోనైట్రైల్ కలిపిన ద్రవాన్ని అందులోంచి నిమిషానికి ఒక మిల్లీలీటరు చొప్పున పంపాలి. రెండు మందులూ తెరమీద రెండు పీకులుగా విడివడాలి. మొదట విడివడవు. ఆ అమ్మాయి పీహెచ్ కాస్త మారుస్తుంది, ద్రవాల నిష్పత్తి మారుస్తుంది, మళ్లీ ఇంజెక్ట్ చేస్తుంది. ఈసారి విడివడతాయి గానీ ఒక పీకుకు తోక సాగుతుంది. మళ్లీ మొదటికి.

పద్ధతి కుదిరాక దాన్ని రుజువు చెయ్యాలి. ప్రపంచమంతా పాటించే ఐసీహెచ్ క్యూ2 మార్గదర్శకాలు లీనియారిటీకి కనీసం అయిదు గాఢతలు, అక్యురసీకి మూడు స్థాయిల్లో మూడేసి చొప్పున తొమ్మిది కొలతలు అడుగుతాయి. ఒక్కో రన్ పది నిమిషాలే అనుకున్నా, పొద్దున కాలమ్ నిలకడకు రావడానికి కొంత టైము పోతుంది. సాయంత్రం లోపల ఉప్పు పేరుకోకుండా ముందు ఎక్కువ నీళ్లతో, తర్వాత మెథనాల్‌తో కడగాలి. ఆ కడుగుడు ఎగ్గొట్టి బస్సెక్కితే, మర్నాడు ప్రెషర్ ఎందుకు పెరిగిందో వెతుక్కోవడంతోనే మధ్యాహ్నమవుతుంది. ఇదంతా చేసిన పిల్ల ఒక యంత్రం స్వభావాన్ని నేర్చుకుంటుంది. పీజీలో చేతికొచ్చే చదువు అదే.

చాలా కాలేజీల్లో చిక్కేమిటంటే యంత్రం ఒకటి, బ్యాచి మొత్తానికీ అదే. దాన్ని ముట్టుకోవాలంటే ల్యాబ్ ఇన్‌ఛార్జి ఉండాలి, సాల్వెంట్ ఉండాలి, డిటెక్టర్ దీపం మాడిపోయి ఉండకూడదు. తనిఖీ బృందం వచ్చిన రోజు మాత్రం అది నిక్షేపంగా పనిచేస్తుంది. మిగతా రోజుల్లో విద్యార్థులు డబ్బు కట్టి బయటి ల్యాబుల్లో ‘రన్లు’ చేయించుకుంటారు. కొన్నిచోట్ల ల్యాబు వాళ్లే చేసి క్రొమాటోగ్రాములు మెయిల్‌లో పంపిస్తారు. థీసిస్ తయారవుతుంది, పిల్లకు కాలమ్ బిగించడం రాదు.

ఇక్కడో విడ్డూరం ఉంది. ఆ కాలేజీలకు ఒకటి రెండు బస్సుల దూరంలో, జీడిమెట్ల, బాచుపల్లి, దుండిగల్ మందుల కంపెనీల నాణ్యత తనిఖీ (క్యూసీ) విభాగాల్లో ఇవే యంత్రాలు మూడు షిఫ్టుల్లో తిరుగుతుంటాయి. ఇంటర్వ్యూలో అక్కడివాళ్లు థీసిస్ పేరు అడగరు. ‘ఎంపవర్ సాఫ్ట్‌వేర్ మీద చేశావా, ఆడిట్ ట్రయల్ అంటే ఏంటి, పీకు మాన్యువల్‌గా ఇంటిగ్రేట్ చేస్తే ఏమవుతుంది’ అని అడుగుతారు. కాలేజీకీ కంపెనీకీ మధ్య ఒప్పంద పత్రాలు ఉండవని కాదు. ఫ్రేము కట్టించి ప్రిన్సిపాల్ గదిలో పెట్టుకుంటారు. విద్యార్థి ఆ గేటు దాటి లోపలికి వెళ్లి ఆరు నెలలు పనిచేసే ఏర్పాటే తక్కువ. బిట్స్ వాళ్లు ప్రాక్టీస్ స్కూల్ పేరుతో విద్యార్థిని కంపెనీలో కూర్చోబెట్టి, ఆ పనికే మార్కులిచ్చే పద్ధతిని దశాబ్దాలుగా నడుపుతున్నారు. కనక ఇది మన దేశంలో కుదరని పని కాదు. ఈ నేల మీద మందుల పరిశ్రమ ఎదిగిన తీరు కూడా ఇదే చెప్తుంది. కె.అంజిరెడ్డి పుణెలో నేషనల్ కెమికల్ లేబొరేటరీ అనే పనిచేసే ప్రయోగశాలలో పీహెచ్‌డీ చేశారు. ఆ తర్వాత బాలానగర్ ఐడీపీఎల్‌లో చేరి, అక్కడ నేర్చిన పనితో మరికొన్ని మెట్లెక్కి 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు.

ఇక గైడు. యూజీసీ లెక్కలో అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి 16 గంటలు పాఠాలు చెప్పాలి. ఆ పదహారు గంటలతో వారం ముగిసే అదృష్టవంతులు ప్రైవేటు కాలేజీల్లో నాకు తారసపడలేదు. కాలేజీ గుర్తింపు కోసం న్యాక్ ఫైళ్లు, ఎన్‌బీఏ ఫైళ్లు, అడ్మిషన్ల సీజన్లో ఇంటర్ కాలేజీల చుట్టూ ప్రచారం, ఫీజు కట్టని తల్లిదండ్రులకు ఫోన్లు. వీటన్నిటి తర్వాత మిగిలిన పది నిమిషాల్లో కారిడార్లో నడుస్తూ గైడ్ చేస్తారు. ‘సార్, రిజల్ట్స్ రావట్లేదు.’ ‘చూద్దాంలే అమ్మా, రివ్యూ ఎప్పుడు?’ సంభాషణ అక్కడితో సరి. ఆయన్ని తిట్టి లాభం లేదు. ఆయన ఎంటెక్ కూడా ఇలాగే పూర్తయి ఉంటుంది.

దాని వెనక ఒక కథ ఉంది. 2010కి ముందు బీటెక్ ఫస్ట్ క్లాసుతో ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌గా చేరొచ్చు. ఆ ఏడాది ఏఐసీటీఈ నిబంధనలు మారి ఎంటెక్ తప్పనిసరైంది. ఉద్దేశం మంచిదే. అయితే అప్పటికే పాఠాలు చెప్తున్న వాళ్లందరికీ ఒక్కసారిగా ఇంకో పట్టా అవసరం పడింది, ఆ పట్టా ఇచ్చే సీట్లూ అదే వేగంతో పుట్టుకొచ్చాయి. పగలు ఒక కాలేజీలో లెక్చరర్, కాగితాల మీద ఇంకో కాలేజీలో విద్యార్థి. ‘నాన్ అటెండింగ్’ అనే మాట అడ్మిషన్ల కన్సల్టెన్సీల నోట స్థిరపడింది. తరగతికి రాకుండా పట్టా తీసుకున్నవారు తరగతికి రమ్మని పిల్లల్ని అడగాల్సిన పరిస్థితి అలా వచ్చింది. బయోమెట్రిక్ పెట్టాక హాజరు మెరుగైంది. వేలిముద్ర వేసినవాడు ఆ తర్వాత ఏం చేశాడన్నది ఆ యంత్రం పని కాదు.

మూడోది విద్యార్థి సొంత టైము. దాన్ని తేల్చేది డబ్బు. గేట్ లేదా జీప్యాట్ అర్హతతో చేరిన వాళ్లకు ఏఐసీటీఈ నెలకు 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. కాలేజీ నెలనెలా పోర్టల్లో ఖరారు చేస్తేనే ఖాతాలో పడుతుంది. అదే తరగతిలో రాష్ట్ర ప్రవేశపరీక్ష పీజీఈసెట్ ర్యాంకుతో చేరిన పక్క విద్యార్థికి ఇందులో రూపాయి రాదు. ఒకే పాఠం, ఒకే ల్యాబ్. ఒకడు సాయంత్రం లైబ్రరీలో ఉంటాడు, ఇంకొకడు సూరారంలో ట్యూషన్లు చెప్పుకుంటాడు. రెండో ఏడాది టైమ్‌టేబుల్ ఖాళీ అవగానే ఈ రెండోవాడు ఉద్యోగంలో చేరిపోతాడు, చేరక తప్పదు కూడా. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి తెలిసిందే. 2025 నవంబరులో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలే బందు పెట్టాయి. ప్రభుత్వం కాలేజీకి ఇవ్వదు, కాలేజీ విద్యార్థికి ఒరిజినల్స్ ఇవ్వదు. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ చెప్పి ఏళ్లు గడిచినా, ‘డ్యూస్ క్లియర్ చేసి తీసుకెళ్లు’ అన్న మాట కౌంటర్ల దగ్గర వినిపిస్తూనే ఉంటుంది.

గైడుకు టైము లేదు, యంత్రం ఖాళీ లేదు, విద్యార్థి ఊళ్లోనే లేడు. మరి డిసర్టేషన్ ఎవరు రాస్తారు? ఈ ప్రశ్నకు అమీర్‌పేట ఎప్పుడో జవాబు కనిపెట్టింది. మైత్రివనం చుట్టుపక్కల మెట్ల గోడల మీద ‘ఐఈఈఈ ప్రాజెక్ట్స్’ బోర్డులు చదివితే చాలు. టైటిల్ ఎంచుకుంటే కోడ్, డెమో, పీపీటీ, డాక్యుమెంటేషన్ కలిపి ఒక ప్యాకేజీ. ‘అన్నా, వైవాలో ఏమడుగుతరు?’ అంటే దానికీ ఒక క్లాసు తీసుకుంటారు. ఆ క్లాసు తీసుకునే కుర్రాడు అంతకుముందు ఏడాది అదే ప్రాజెక్టును వేరే కాలేజీ వాళ్లకు చెప్పి ఉంటాడు కాబట్టి, గదిలో ఉన్న అందరికంటే అతనికే విషయం బాగా వచ్చు. న్యాయంగా ఆ పట్టా అతనికివ్వాలి.

దీన్ని అడ్డుకోవడానికి 2018లో యూజీసీ కాపీ నిరోధక నిబంధనలు తెచ్చింది. పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు మార్చి ఇవ్వాలి, 60 దాకా ఉంటే ఏడాది ఆగాలి, ఆపైన రిజిస్ట్రేషన్ రద్దు. ఫలితంగా కొత్త వ్యాపారం ఒకటి పుట్టింది: శాతం తగ్గించి ఇవ్వడం. వాక్యాలను తిప్పి తిప్పి రాసే ఆ పనిలో ఇప్పుడు చాట్‌బాట్లు కూడా చేరాయి. సాఫ్ట్‌వేర్ పదాల పోలికను పట్టుకుంటుంది. ఆ ప్రయోగం అసలు జరిగిందా అని అడగాల్సింది ఎదురుగా కూర్చున్న మనిషి.

పీహెచ్‌డీలోనూ ఇంతే. 2016 నిబంధనల ప్రకారం థీసిస్‌కు ముందు జర్నల్లో ఒక పేపరు ఉండాలి. డబ్బు తీసుకుని అచ్చేసే జర్నళ్లు కుప్పలుగా వచ్చాయి. 2022లో ఆ షరతు తీసేశారు. జర్నళ్లు మాత్రం ఉన్నాయి.

ఇక్కడ విసిగి ‘ఎమ్మెస్‌కు పోతా’ అనేవాళ్ల సంగతీ చూడాలి. 2023-24లో అమెరికాలో ఉన్న 3,31,602 మంది భారతీయ విద్యార్థుల్లో 1,96,567 మంది పీజీ, పీహెచ్‌డీల వాళ్లే. వాళ్లలో మనవాళ్లు ఎందరో ప్రగతినగర్‌లో ఏ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను అడిగినా తెలుస్తుంది. మంచి చోట చేరిన వాళ్లకు గైడూ, యంత్రమూ దొరుకుతాయి. కానీ పట్టాను ఇంకో పనికి టికెట్‌గా కొనే అలవాటు విమానం ఎక్కినా పోలేదు. 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద దాడులు జరిగినప్పుడు ఇరుక్కున్న వారిలో అత్యధికులు మన తెలుగు పిల్లలు, కొందరి కాళ్లకు రేడియో పట్టీలు కూడా వేశారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే యూనివర్సిటీని అమెరికా అధికారులే వలగా నడిపారని బయటపడింది. అక్కడ తరగతులే లేవు. మన కన్సల్టెన్సీ భాషలో చెప్పాలంటే, పూర్తి నాన్ అటెండింగ్.

కాబట్టి కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేముందు కాలేజీ వెబ్‌సైటు చూసింది చాలు. నాలుగో సెమిస్టర్లో ఉన్న ఇద్దరిని పట్టుకోండి, హాస్టల్ గేటు దగ్గర టీ బండి వద్ద దొరుకుతారు. గైడు వారానికి ఎన్నిసార్లు కూర్చుంటాడు, ల్యాబ్ రిజిస్టర్లో వాళ్ల పేరు చివరిసారి ఎప్పుడు పడింది, ప్రాజెక్టు ఎక్కడ చేస్తున్నారు అని అడగండి. మూడో ప్రశ్నకు ‘అమీర్‌పేటలో’ అని వస్తే ఆ సీటు గురించి ఇంకేమీ అడగనక్కర్లేదు. కోరుకున్న చోట ఈ ఏడు సీటు రాకపోయినా తొందరపడొద్దు. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.