లేసు అల్లుతున్నారా? ఈ మెలకువలు చూడండి!

ఒకప్పుడు రేడియో మీదో, టీవీ మీదో తెల్లటి లేసు గుడ్డ పరచని ఇల్లుండేది కాదు. ఇప్పుడు టీవీ గోడకెక్కింది. అయినా లేసు పోలేదు. టీపాయ్ మీదికి, దిండు గలేబుల అంచుకి, జాకెట్టు చేతులకి వచ్చి చేరింది. సూది చేతపట్టిన అమ్మాయిలు మళ్ళీ కనిపిస్తున్నారు. మీరూ వాళ్ళలో ఒకరైతే ఈ నాలుగు మాటలూ మీకోసమే.

లేసు అంటే అంతా ఒకటి కాదు. యూరప్‌లో పేరున్న బాబిన్ లేసుకి దిండు కావాలి. దాని మీద నమూనా కాగితం పెట్టి, గుండుసూదులు గుచ్చి, చిన్న చిన్న కొయ్య పుల్లలకి చుట్టిన డజన్ల పోగుల్ని జంటలు జంటలుగా దాటిస్తూ, మెలేస్తూ అల్లుతారు. 1820ల్లో మిషనరీ స్త్రీలు దీన్ని నాగర్‌కోయిల్ వైపు నేర్పారు. మన గోదావరి జిల్లాల్లో, ముఖ్యంగా నరసాపురం, పాలకొల్లు చుట్టుపక్కల పాతుకున్నది వేరే రకం. ఒకే దారం, ఒకే కొక్కెం సూది. అదే క్రోషియా. ఇదీ పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిందే. నరసాపురం క్రోషియా లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది.

ముందు దారం సంగతి. నంబరు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. కొత్తవాళ్ళు 20 నంబరుతో మొదలుపెట్టి, చెయ్యి కుదిరాక 40కి వెళ్ళండి. మొదటిదానికి సుమారు 1.25 మిల్లీమీటర్ల స్టీలు సూది, రెండోదానికి 1 మిల్లీమీటరుది సరిపోతుంది. తెల్లదారంతో అల్లేటప్పుడు ఒళ్ళో నల్లగుడ్డ వేసుకోండి, కుట్లు స్పష్టంగా కనిపించి కళ్ళు లాగవు. చేతులకి చెమట పట్టే ఎండాకాలంలో గంటకోసారి సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని కూర్చోండి. సగంలో మాసిన లేసు ఎంత ఉతికినా మొదటి తెలుపు రాదు.

పుస్తకం చూసి నేర్చుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. బ్రిటిష్ పుస్తకాల్లో 'డబుల్ క్రోషే' అన్నదాన్ని అమెరికా పుస్తకాల్లో 'సింగిల్ క్రోషే' అంటారు. బ్రిటిష్ వాళ్ళ 'ట్రెబుల్' అమెరికా వాళ్ళకి 'డబుల్'. ఒకే మాట, రెండు కుట్లు! పుస్తకంలో ఎక్కడైనా 'సింగిల్ క్రోషే' కనబడితే అది అమెరికా పద్ధతి అని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ నేను చెప్పేవన్నీ బ్రిటిష్ పేర్లే.

మొదట వేసే చెయిన్లు బిగుసుకుపోయి, ఆ అంచు ముడుచుకుపోవడం చాలామందికి ఎదురయ్యేదే. ఆ ఒక్క వరుసకి కొంచెం లావు సూది వాడి, తర్వాత మామూలు సూదికి మారండి. గుండ్రంగా అల్లేటప్పుడు లెక్క తప్పితే ఇంకో తిప్పలు. ట్రెబుల్ కుట్టుతో మొదటి చుట్టులో 12 ఉంటే, రెండో చుట్టులో 24, మూడో చుట్టులో 36 కావాలి. అంటే చుట్టు చుట్టుకీ 12 పెరగాలన్నమాట. డబుల్ క్రోషే అయితే 6 చాలు. అంచు కుచ్చిళ్ళు పడుతోందంటే కుట్లు ఎక్కువయ్యాయి. మూకుడులా లోతు తిరుగుతోందంటే తక్కువయ్యాయి. 'ఇస్త్రీ చేస్తే సర్దుకుంటుందిలే' అనుకోకండి, సర్దుకోదు. ఆ చుట్టు విప్పేసి మళ్ళీ అల్లడమే మేలు.

అసలు పనితనమంతా అతుకులో ఉంది. విడి పువ్వులన్నీ అల్లేసి చివర్న కుట్టుసూదితో కలిపితే అతుకులు గట్టిగా, మందంగా తేలతాయి. రెండో పువ్వు ఆఖరి చుట్టు వేస్తుండగానే కలిపేయండి. అయిదు చెయిన్ల వంపు వేయాల్సిన చోట రెండు చెయిన్లు వేసి, సూదిని పక్క పువ్వు వంపులోంచి పోనిచ్చి దారం లాగి, మళ్ళీ రెండు చెయిన్లు వేసి ముందుకి సాగండి. నాలుగు పువ్వుల నడుమ మిగిలే ఖాళీలో చిన్న చుక్కపువ్వు పెడితే ముద్దుగా ఉంటుంది. ఇంట్లో ఇద్దరు ముగ్గురు కలిసి అల్లుతుంటే ఒకరి పువ్వు బిగువు, ఇంకొకరిది వదులు అవుతుంది. అందుకే అట్టముక్క మీద నమూనా పువ్వు చుట్టూ గీత గీసి, ప్రతి పువ్వునీ దాని మీద పెట్టి చూడండి. దారం అయిపోయిన చోట ముడి వేయకండి. కొసని నాలుగు అంగుళాలు వదిలి, దాని మీదుగానే అల్లుకుంటూ పోతే కనబడకుండా ఇమిడిపోతుంది.

పూర్తయ్యాక సబ్బునీళ్ళలో నానబెట్టి, పిండకుండా తువ్వాల్లో చుట్టి నొక్కండి. మందపాటి దుప్పటి మీద తుప్పుపట్టని గుండుసూదులతో ప్రతి కొసనీ లాగి గుచ్చి ఆరనివ్వండి. పల్చటి సగ్గుబియ్యం గంజి పెడితే పువ్వు నిలబడుతుంది. ఇస్త్రీ మాత్రం తిరగేసి, కింద తువ్వాలు వేసి చేయండి. చాలాకాలం దాచేటట్లయితే గంజి వదిలించి పెట్టండి. గంజి వాసనకి పురుగులు చేరతాయి. కలరా ఉండల్ని నమ్ముకుని లాభం లేదు.

ఇక అమ్మేవాళ్ళకి ఒక మాట. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు నరసాపురం లేసు పనివాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. రోజంతా గంటల తరబడి అల్లుతున్న ఆడవాళ్ళని 'తీరిక వేళ ఏదో చేసుకునే ఇల్లాళ్ళు' అని చెప్పి, ఆ పేరుతోనే కూలి తగ్గించేస్తున్నారని ఆవిడ చూపించింది. దారం ఇచ్చినవాళ్ళు ముక్కకింత అని లెక్క కడతారు, గంటల ఊసు రాదు. వంటయ్యాక, పిల్లలు పడుకున్నాక అల్లినంత మాత్రాన ఆ గంటలు ఊరికే వచ్చినవా?

గడియారం పక్కన పెట్టుకుని ఒక పువ్వు అల్లండి. 20 నిమిషాలు పట్టిందనుకుందాం. 36 పువ్వులకి 12 గంటలు. అతుకులకీ, చివరి అంచుకీ 3 గంటలు, ఉతికి గంజిపెట్టి ఇస్త్రీ చేయడానికి గంట. మొత్తం 16. ఆ గుడ్డని ఎవరైనా 400 రూపాయలకి అడిగితే, దారం ఖర్చు 80 తీసేయగా మిగిలే 320ని 16తో భాగించండి. గంటకి 20 రూపాయలు! ఇది కేవలం ఉదాహరణకి చెప్పిన లెక్క, మీ అంకెలు వేసి చూసుకోండి. బేరమాడేవాళ్ళు బజారులో దొరికే మిషను లేసు ధర చెప్తారు. అచ్చమైన క్రోషియా అల్లే యంత్రం లేదు, అది చూడ్డానికి అలా ఉండే సరుకు మాత్రమే. చేతిలేసైతే ఆఖరి కొస విప్పి లాగితే కుట్టుకుట్టూ విడిపోతూ వస్తుందని వాళ్ళకి నమూనా ముక్క మీద చూపించండి.

ఆ నమూనా పువ్వుకి దారం నంబరు, సూది కొలత, పట్టిన నిమిషాలు రాసిన చీటీ కట్టి దాచుకోండి. ఏడాది తర్వాత అదే గుడ్డ మళ్ళీ కావాలని ఎవరైనా వస్తే ముందు ఆ చీటీ చూసి, తర్వాత ధర చెప్పండి.