పండుగ ఎవరిది? దళిత క్రైస్తవులూ లౌకిక పండుగలూ

తిరువూరు చుట్టుపక్కల మాల, మాదిగ పల్లెల్లో సంక్రాంతి వస్తోందంటే ఒక పేచీ మొదలవుతుంది. "ఇది పంటల పండుగే గదా, ముగ్గేస్తే తప్పేంటి?" అని కుర్రకారు. "ముగ్గుతో మొదలై మొక్కుబడి దాకా పోతుంది" అని సంఘ పెద్దలు. పెద్దల మాటని వట్టి ఛాందసమని కొట్టిపారేస్తే మన చరిత్ర అర్థం కాదు.

మన తాతలకి పండుగంటే సెలవు కాదు, వెట్టి. ఊరి జాతరకి డప్పు కొట్టి తీరాలి. 1860ల చివర ఒంగోలు ప్రాంతంలో బాప్తిస్మం పొందిన మాదిగలకి క్లౌ దొర పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చెయ్యొద్దు, చచ్చిన గొడ్డుని తినొద్దు, విగ్రహాలకి మొక్కొద్దు. దాంతో వాళ్లు జాతర డప్పు మానేశారు. ఊరి పెద్దలు కక్షగట్టి వేధించారు. అంటే పండుగకి దూరం జరగడం ఆనాడు భక్తితో పాటు కులవృత్తి మీద తిరుగుబాటు కూడా.

ఇక బైబిలు మాట. విగ్రహాలకి అర్పించిన దాన్ని తినే విషయంలో బలహీనుడికి అడ్డం కావొద్దన్నాడు పౌలు. రోమా పత్రిక 14వ అధ్యాయంలో దినాల పట్టింపుని ఎవరి మనస్సాక్షికి వాళ్లకే వదిలాడు. కాబట్టి పూజా, పండుగా ఒకటి కావు. కోతల పండుగని మన చర్చిలే జరుపుతున్నాయి గదా! ఏప్రిల్ 14న అంబేడ్కర్ విగ్రహానికి దండ వెయ్యడం కూడా విగ్రహారాధనే అనేవాళ్లు ఈ తేడా చూడాలి. అక్కడ ఎవరూ వరాలు కోరరు, హక్కుల్ని గుర్తు చేసుకుంటారు.

అసలు చిక్కు రాజ్యంతో వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్.సి. హోదాని హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కుల్నీ, 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. ఆంధ్రప్రదేశ్‌లో వాళ్లకి మిగిలింది బి.సి.-సి కింద ఒక్క శాతం. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు బాప్తిస్మాన్నీ, చర్చికి వెళ్లడాన్నీ లెక్కలోకి తీసుకుని ఎస్.సి. సర్టిఫికెట్ నిరాకరణని సమర్థించింది. మతాన్ని ఇలా ఆచారాల్ని బట్టి తేల్చేటప్పుడు వాకిట్లో ముగ్గు, నుదుటి బొట్టు కూడా సాక్ష్యాలైపోతాయేమోనన్న భయం పుడుతుంది. అంటరానితనం మాత్రం ఎవరి మతం ఏమిటని అడగదు.

అంచేత ఏ పండుగనైనా రెండు ప్రశ్నలతో చూడాలి: అందులో పూజ ఉందా? మన చేత ఏ పని చేయిస్తున్నారు? మొదటిది మనస్సాక్షికి సంబంధించింది. రెండోది ఆత్మగౌరవానికి సంబంధించింది. మన చర్చిల్లో మొదటి ప్రశ్న మీద చర్చ బాగానే నడుస్తోంది. రెండోదాన్ని కూడా అక్కడే అడగాలి.